చేరువేళ

ఆ కాలంలో ఎవరింటికైనా చుట్టం వెళితే "ఎప్పుడొచ్చావు?" అని అడిగేవారు కాదు. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి గుమ్మం తొక్కుతాడో ముందే తెలుసు గనక కాఫీ కలిపి ఉంచేవారు. రైలు, వాన, కూరగాయల డ్రోను, పెళ్ళివారి బస్సు, అన్నిటి రాకా ముందే లెక్కతేలిపోయేది. ఎదురుచూపు అనే మాట నిఘంటువులో ఉందేమో గాని జనం నోట వినపడడం మానేసింది. అలాంటి రోజుల్లో, 2079 ఆగస్టులో, విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో ఉన్న ఒక గడియారాల దుకాణంలోకి మసేను అనే మనిషి వచ్చి, "నాకు టైము సూపించే గడియారం ఒకటి కావాల" అన్నాడు. కౌంటరు వెనకున్నతను బిత్తరపోయాడు.

"ఏ టైమండీ?"

"ఏ టైమేటి బాబూ? ఇప్పుడెంతయిందో ఆ టైమే."

"అది అన్నిట్లోనూ ఉంటుందండీ, ఏదో ఓ మూలన. ఎక్కడుందో మేమూ వెతుక్కోవాలి" అన్నాడు కౌంటరాయన, నవ్వకుండా.

మసేను పక్కన నిలబడ్డ డాక్టర్ వకుళకి మాత్రం నవ్వాగలేదు. మసేనుకి యాభై నిండాయి. జాలరిపేట మనిషి, హార్బరులో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. వకుళకి యాభై రెండు. తొమ్మిదేళ్ళ కిందట ఆవిడకి సముద్రంలో ఈత నేర్పింది మసేనే. ఆవిడ బదులుగా అతనికి రేసు సైకిలు తొక్కడం నేర్పింది. అప్పట్నుంచి ఇద్దరూ కలిసే సాధన చేస్తున్నారు. ఈసారి డిసెంబరులో జరిగే పెద్ద ట్రయథ్లాన్‌కి పేర్లిచ్చారు. ముందు మూడు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్ల ఈత, గట్టెక్కగానే నూట ఎనభై కిలోమీటర్ల సైకిలు, సైకిలు దిగగానే నలభై రెండు కిలోమీటర్ల పరుగు. మధ్యలో కూర్చోడాలూ నడుం వాల్చడాలూ లేవు. తెలుగు పత్రికలు దానికి 'ముప్పందెం' అని పేరు పెట్టాయి. మసేను భార్య నూకాలమ్మ మాత్రం దాన్ని 'మా ఆయన పిచ్చి' అనేది.

కౌంటరాయన గడియారాలు వరసగా పరిచాడు. ఒకటి చెమటలో ఉప్పెంత పోయిందో చెబుతుంది. ఒకటి ఎండతోనే చార్జయి వారం రోజులు నడుస్తుంది. ఒకటి ఈతలో చెయ్యి తప్పుగా వేస్తే చురుక్కుమనిపిస్తుంది. మసేను ఆ చివరిదాన్ని దూరంగా జరిపేశాడు.

"తెరని తాకేవి వద్దయ్యా, బొత్తాలున్నది తియ్యి. తడి వేళ్ళతో తాకితే తెర మాట వినదు. బరువుంటే ముప్పయ్యో కిలోమీటరు దగ్గర చెయ్యి నీదో గడియారానిదో తెలీదు" అంది వకుళ. ఎన్ని చెప్పినా చివరికి ఆవిడ వేలు ఆగింది గమ్యసూచి మీదే. ఎందుకాగదు? దాన్ని కనిపెట్టింది ఆవిడే మరి.

"మీరు సేసింది కాదని వేరేది కడితే బాగోదు గాని మేడంగారూ, ఎప్పుడు సేరతానో ముందే సెప్పీస్తే ఇంక పరుగెత్తడం దేనికండి?" అన్నాడు మసేను.

"అది కట్టుకోకపోతే బీమా ఇవ్వరు, బీమా లేకపోతే పందెంలోకి రానివ్వరు. నోర్మూసుకుని కట్టుకో."

కట్టుకున్నాడు.

గమ్యసూచి చేసే పని చెప్పడానికి తేలిక, దాన్ని చెయ్యడానికే పదకొండేళ్ళు పట్టింది. మణికట్టుకి కట్టుకున్న నాటినుంచి నాలుగు నెలలపాటు అది మనిషిని వింటుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ఏ మెట్ట దగ్గర పిక్క మొరాయిస్తోంది, నిద్ర చాలని రోజున ఎన్నో కిలోమీటరు దగ్గర మనసు ఇంటివైపు లాగుతోంది, ఎక్కడ వేగం తగ్గింది, ఎందుకు తగ్గింది, అన్నీ పోగేస్తుంది. వాటితో ప్రయోగశాలలోని గణకం ఆ మనిషికి ఒక నకలు తయారుచేస్తుంది. వకుళ దానికి 'ఛాయామనిషి' అని పేరు పెట్టింది. పందెం రెండు రోజులుందనగా పోటీదారులందరి ఛాయామనుషుల్నీ గణకం ఒకే దారిలో ఒకేసారి పరుగెత్తిస్తుంది. కలిపి ఎందుకంటే, నీళ్ళలో ఒకడి మోచెయ్యి ఇంకొకడి ముక్కుకి తగులుతుంది, మలుపులో ఒకడి చక్రం ఇంకొకడికి అడ్డమొస్తుంది. ఏ మనిషీ ఒంటరిగా పరుగెత్తడు. అలా ఒకసారి కాదు, లక్షసార్లు పరుగెత్తించి, చివరికి ఒక్కొక్కరి గడియారం మీదికీ ఒక్కొక్క అంకె పంపిస్తుంది. అదే చేరువేళ. గడిచిన మూడేళ్ళలో ఆ వేళ ఎవరికీ రెండు సెకన్లకి మించి తప్పలేదు. ఆవిడ ఫోటో వెయ్యని పత్రిక లేదు.

కొందరికి అంకె రాదు. లక్ష పరుగుల్లో తొంభై వేలకి పైగా గమ్యం చేరకపోతే అంకె ఉండాల్సిన చోట చిన్న అడ్డగీత పడుతుంది. గీత పడ్డవాళ్ళు చాలామంది మూటాముల్లే సర్దుకుని ఇంటికెళ్ళిపోయేవారు. కాదు కూడదు పరుగెత్తుతామంటే కాగితం మీద సంతకం పెట్టాలి. అక్కడితో బీమా రద్దు. గడియారానికున్న సహాయం బొత్తాం పనిచెయ్యదు, వైద్యం చేసే డ్రోను రాదు, దారి పొడుగునా ఉన్న కెమెరాలు వాళ్ళని పట్టించుకోవు. మిగతావాళ్ళు జాగ్రత్తపడడానికి వీలుగా వాళ్ళ భుజానికి పసుపు పట్టీ కడతారు. ఆ పట్టీ ఆలోచన కూడా వకుళదే. తెలిసి తెలిసి గోతిలో దూకేవాళ్ళ కోసం తాడు మోసుకు తిరగడం దేనికని ఆవిడ వాదన. విన్నవాళ్ళంతా సబబేనన్నారు.

నాలుగు నెలలూ ఇద్దరూ ఒళ్ళు దాచుకోకుండా సాధన చేశారు. తెల్లవారకముందే రుషికొండ దగ్గర నీళ్ళలో దిగడం, ఆదివారాలు ఆనందపురం దాకా సైకిళ్ళు, సాయంత్రాలు భీమిలి కరకట్ట మీద పరుగు. పాత బీచిరోడ్డుని సముద్రం ఎప్పుడో మింగేసింది గనక ఊరికి ఆ కరకట్టే గతి. మసేను తరచూ వెనకబడేవాడు. "ఎక్కడ చచ్చావయ్యా?" అని వకుళ కేకలేస్తే, "వొచ్చీసినాను, వొచ్చీసినాను" అంటూ అరగంటకి వచ్చేవాడు. అయినా నవంబరుకల్లా మనిషి ఇనుములా తయారయ్యాడు.

పందెం ఆదివారం. శుక్రవారం సాయంత్రం ప్రయోగశాలలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ముందు వకుళ మణికట్టు మీద గడియారం సన్నగా అదిరింది. పద్నాలుగు గంటల ఆరు నిమిషాల ముప్పై ఒక్క సెకన్లు. "ఆహా, పాసైపోయానయ్యా!" అని ఆవిడ చప్పట్లు కొట్టింది. తర్వాత మసేను గడియారం అదిరింది. అతను చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసి, చెయ్యి ఆవిడ ముందు పెట్టాడు.

గీత.

గడియారం పాడైందేమోనని వకుళ తన చేత్తో విప్పి వేరేది కట్టింది. దానికి నాలుగు నెలల సమాచారమంతా ఎక్కించింది. గీతే. మూడోది కట్టింది. గీతే. రాత్రికి రాత్రి తెలిసిన గుండె డాక్టరుకి ఫోను చేసి, తెల్లారేసరికి మసేనుని పరుగుబెల్టు మీద నిలబెట్టి, రక్తం తీయించి, ఊపిరితిత్తుల ఫోటో తీయించింది. డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, "ఈయనకి ఏ జబ్బూ లేదు. నాకున్నాయి ఈయనకంటే ఎక్కువ" అన్నాడు.

అప్పుడావిడ గణకం ముందు కూర్చుంది.

"మసేను గుండెలో లోపముందా?"

"లేదు" అంది గణకం. దాని గొంతు ఆడా కాదు మగా కాదు, బ్యాంకులో నంబరు పిలిచే గొంతు.

"ఊపిరితిత్తుల్లో? మెదడులో? రక్తనాళాల్లో?"

"శరీరంలో ఎక్కడా లోపం లేదు."

"మరి గీత ఎందుకొచ్చింది?"

"లక్షలో తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల పన్నెండు పరుగుల్లో గమ్యం చేరలేదు గనక."

"ఎక్కడ ఆగిపోతున్నాడు?"

"పరుగులో ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర."

"ఆగాక?"

"అక్కణ్ణుంచి ఇక పరుగు లేదు."

నిక్షేపంలాంటి మనిషి ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయి ఇక కదలడంటే వకుళకి తోచిన అర్థం ఒకటే. ఏ పరీక్షకీ దొరకని లోపమేదో గుండెలో దాక్కుని ఉంది, అక్కడ అది బయటపడుతుంది. గణకం అడిగినదానికే జవాబు చెప్పే జాతి అని ఆవిడకి తెలియకపోలేదు. కానీ అడగాల్సిందంతా అడిగేశాననుకుంది. పెద్ద శాస్త్రవేత్తలకి ఇదో జబ్బు, తమకి తోచని ప్రశ్న లోకంలో ఉండదనుకుంటారు.

"మసేనూ, నా మాట విను. మానెయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను" అంది బయటికొచ్చి.

"తప్పు మేడంగారూ, అదేటి మాట!" అని మసేను రెండడుగులు వెనక్కి వేశాడు. "తొమ్మిదేళ్ళ బట్టి తిరగతన్నాను. రేపు పేట పేటంతా వొస్తంది సూడ్డానికి. నా వొంట్లో ఏటీ నేదని డాక్టరు బాబే సెప్పినాడు గదా?"

"డాక్టరుకి తెలీదు. గణకానికి తెలుసు. అది మూడేళ్ళలో ఒక్కసారి తప్పలేదు."

"అయితే ఈసారి తప్పుద్ది."

"చచ్చిపోతావురా!" అని అరిచేసింది వకుళ. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ అతన్ని రా అని ఎరగదు.

మసేను తల అడ్డంగా ఊపాడు. "సముద్రం మీదికి ఎల్లేటోల్లం. ఏ రోజు తిరిగొస్తామని రాసుందండి మాకు? మా నూకాలుకి మాత్రం సెప్పకండి. అది నన్ను మంచానికి కట్టీస్తది."

కాగితం మీద సంతకం పెట్టాడు. పసుపు పట్టీ కట్టించుకున్నాడు. వకుళకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడ చెయ్యగలిగింది ఒక్కటే, అది చేసింది. నిబంధనకి విరుద్ధమని తెలిసీ, తన అధికారంతో మసేను గడియారానికి సహాయ డ్రోను ఒకటి తగిలించింది. అతని వెనకే ఎగురుతూ, ఆ గడియారం కట్టుకున్న మనిషికి ఏమైనా అయితే క్షణంలో దిగి వైద్యం చేసేటట్టు ఏర్పాటు. ఆ సంగతి అతనికి చెప్పలేదు. పోటీలో ఆరు వందల నలభై మంది ఉన్నారు, ఇరవై ముగ్గురికి గీత పడింది, అందులో మసేనుతో కలిపి నలుగురు సంతకం పెట్టి పట్టీలు కట్టించుకున్నారు. మిగతా ముగ్గురూ ఎవరో ఆవిడ అడగలేదు.

ఆదివారం పొద్దున్న అయిదింటికి రుషికొండ తీరంలో ఈల మోగింది. మసేను చేపలా పోయాడు. వకుళ ఒడ్డుకొచ్చేసరికి అతని సైకిలు లేదు. నూట నలభయ్యో కిలోమీటరు దగ్గర అతన్ని పట్టుకుంది. "బాగున్నావా?" అంటే "బెమ్మాండం!" అన్నాడు. సైకిళ్ళు దిగి బూట్లు మార్చుకునే చోట జనం మధ్య మళ్ళీ తప్పిపోయాడు. అతను ముందున్నాడో వెనకున్నాడో తెలియక ఆవిడ ప్రాణం కొట్టుకుపోయింది. డిసెంబరయినా ఆ కాలపు విశాఖలో ముప్పై తొమ్మిది డిగ్రీలు. కరకట్ట మీద రాయి పొయ్యిమీది పెనంలా కాలుతోంది. ఇరవై అయిదు దాటింది, ఇరవై ఎనిమిది దాటింది. ముప్పయ్యో కిలోమీటరు రాయి దాటాక కాళ్ళకంటే గుండె ఎక్కువ నొప్పెట్టింది. పొద్దు వాలుతోంది. ప్రతి మలుపులోనూ ఏం కనబడుతుందోనని భయపడుతూ పరుగెత్తింది.

కనబడనే కనబడింది. ముప్పై ఒకటో రాయి దాటగానే, గట్టు వారగా, బోర్లా పడిన ఒక మనిషి. భుజానికి పసుపు పట్టీ.

"మసేనూ!" అని వకుళ కేకపెట్టి దగ్గరికి వెళ్ళింది. మసేను కాదు. ఎవరో ఆడమనిషి, ముప్పయ్యేళ్ళుంటాయి, వీపు మీద నంబరు మూడు వందల ఎనభై ఎనిమిది. పక్కకి తిరిగిన మొహంలో పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అమ్మయ్య, మసేను కాదు. ఆ ఊరటకి వకుళకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. గీత పడ్డ మనిషి, తెలిసే వచ్చింది. సంతకం పెట్టే వచ్చింది. వెనక ఇంతమంది వస్తున్నారు, ఎవరో ఒకరు చూస్తారు. మసేను ముందెక్కడో ఉంటాడు, వాణ్ణి అందుకోవాలి. ఇవన్నీ మూడు అడుగుల్లో అనుకుంది. నాలుగో అడుగుకి మళ్ళీ పరుగులో ఉంది.

మసేను ముందెక్కడా కనబడలేదు. ముప్పై అయిదు, ముప్పై ఎనిమిది, నలభై. దీపాలు వెలిగాయి. భీమిలి చివర గమ్యరేఖ దగ్గర జనం ఈలలు, డప్పులు. వకుళ రేఖ దాటి గడియారం చూసుకుంది. పద్నాలుగు గంటల ఆరు నిమిషాల ముప్పై ఒక్క సెకన్లు. ఒక్క సెకను అటూ ఇటూ లేదు. మైకులో ఎవరో ఆవిడ పేరు ఎలుగెత్తి చెప్పారు. కనిపెట్టినావిడే స్వయంగా తన లెక్క రుజువు చేసిందని జనం వెర్రెత్తినట్టు అరిచారు.

ఆవిడ తలెత్తి పెద్ద తెర చూసింది. తెర మీద అందరి నంబర్లూ కదులుతున్నాయి, ఒక్కటి ఎర్రగా ఆగి ఉంది. నంబరు 211, మసేను. ముప్పై ఒకటో కిలోమీటరు. స్పృహ లేదు. గుండె లయ తప్పింది. డ్రోను చికిత్స చేసింది. వైద్యశిబిరానికి తరలించారు.

"అయ్యో, అయ్యో, అయ్యో" అంటూనే ఉండిపోయింది వకుళ. పక్కనే నూకాలమ్మ తెర కేసి చూస్తూ కొయ్యబారిపోయింది. చేతిలో కనకాంబరాల దండ అలాగే ఉంది.

"ఏటమ్మా అది? మా మావ పేరు ఎర్రగా ఎందుకుంది? మీరు సేసిన గడియారమే గదమ్మా, ఏటంటందో సెప్పండి!"

వకుళ నూకాలమ్మ చెయ్యి పట్టుకుని శిబిరం వైపు పరుగెత్తింది. రెండు వందల ఇరవై ఆరు కిలోమీటర్లు చేసిన కాళ్ళు ఎలా కదిలాయో ఆవిడకే తెలీదు. ముందే తెలుసు నాకు, ముందే తెలిసీ ఆపలేకపోయాను అని ఏడుస్తూ, లోపల ఎర్రదీపం వెలుగుతున్న మంచం దగ్గరికి వెళ్ళి తెర లాగింది.

మంచం మీద మసేను లేడు. మంచుగడ్డల సంచుల మధ్య ఆ ఆడమనిషి ఉంది. మూడు వందల ఎనభై ఎనిమిది. ఆవిడ ఎడమ చేతికి మసేను గడియారం ఉంది.

మంచానికి అవతల ప్లాస్టిక్ స్టూలు మీద మసేను కూర్చుని గ్లాసుతో గంజి తాగుతున్నాడు. వీళ్ళని చూసి గ్లాసు కింద పెట్టాడు. నూకాలమ్మ మీదపడి దండతోనే అతని వీపు మీద నాలుగు వాయించి, అదే వీపు మీద తల పెట్టుకుని భోరుమంది.

"నానేటి సేసీసినానే బాబూ! కొట్టీకే!" అని, మసేను వకుళ వైపు తిరిగాడు. "గట్టు వారన పడిపోయుంది మేడంగారూ. ఒళ్ళు కాలిపోతంది, సెమట నేదు. దాని గడియారం బొత్తాం నొక్కితే పలకదు. ఇంతలో నా నెత్తి మీద డ్రోను ఒకటి తిరగతంది, ఎందుకో నాకు తెల్దు. రమ్మని సెయ్యి ఊపితే దిగింది, నన్ను సూసి 'ధరించినవారు క్షేమం' అని మళ్ళీ లెగిసిపోతంది. ఈ పిల్లని సూడదు! నాకు మండిపోయి గడియారం ఇప్పి దీని సేతికి కట్టీసినాను. అప్పుడు దిగిందండి, సచ్చినట్టు. సూది యేసింది, మంచు పెట్టింది. గడియారం ఇప్పితే పందెం పోయినట్టేనంట. పోనీండి."

డాక్టరమ్మ లోపలికొచ్చి, ఆ పిల్ల పేరు దమయంతి అనీ, సోంపేటలో డ్రిల్లు టీచరనీ, ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే దక్కేది కాదనీ చెప్పి వెళ్ళింది.

"పదకొండేళ్ళప్పుడు మా అయ్యతో ఏటకెల్లినాను" అన్నాడు మసేను. "పక్క పడవోడు గుడ్డ ఊపితే వల కోసీసైనా ఎల్లాల, అది మా ఆనవాయితీ. సేపలు రేపొస్తాయి. నాకు తెలిసి ఎవులూ సూడనేదండి ఈ పిల్లని. సీకటి పడతంది గదా. సూస్తే ఎందుకాగరు?"

వకుళ గుడారం మూలకి వెళ్ళి వాళ్ళకి వీపు పెట్టి, గడియారం నోటికి దగ్గరగా పెట్టుకుని గణకాన్ని పిలిచింది.

"లక్ష పరుగుల్లో మూడు వందల ఎనభై ఎనిమిది పడిపోయిందా?"

"తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల యాభై పరుగుల్లో పడిపోయింది."

"ఆవిడని దాటి ఎంతమంది వెళ్ళారు?"

"మసేను వచ్చేలోపు నలభై ఏడుగురు. నలభై ఏడుగురికీ చేరువేళ ఉంది."

"ఎవరు ఆగారు?"

"మసేను."

వకుళ గడియారాన్ని నోటికి ఇంకా దగ్గరగా జరుపుకుంది. "నేను? నేనెన్ని పరుగుల్లో ఆగాను?"

"ఒక్కదానిలోనూ ఆగలేదు."

"అబద్ధం!" అంది. "నీకెలా తెలుసు? నువ్వు కండలు కొలవడానికి పుట్టావు. గుండె చప్పుడు లెక్కపెట్టడానికి పుట్టావు. నేనేం మనిషినో నీకెలా తెలుసు?"

"సెప్టెంబరు తొమ్మిది. ఆనందపురం దారి. కాలవలో సైకిలుతో పడిన ముసలాయన. మీ గుండె నిమిషానికి పద్నాలుగు పెరిగింది. వేగం తగ్గలేదు. మసేను ఇరవై ఆరు నిమిషాలు ఆగారు. సెప్టెంబరు ఇరవై మూడు. కరకట్ట. ఏడుస్తున్న పాప. మీ గుండె తొమ్మిది పెరిగింది. వేగం తగ్గలేదు. మసేను ముప్పై ఒక్క నిమిషం ఆగారు. ఇలాంటివి నాలుగు నెలల్లో ఆరు ఉన్నాయి. అన్నీ చెప్పమంటారా?"

"వద్దు."

ఆరింట్లో ఆవిడకి ఒక్కటే గుర్తుంది, అదీ లీలగా. ఎక్కడ చచ్చావయ్యా అని తను కేకలేసిన అరగంటలన్నీ ఇప్పుడు వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. జబ్బు మసేను గుండెలో ఉందని రాత్రంతా వెతికించింది. ప్రపంచంలో ఏ గడియారమూ చెప్పనంత నిజం తను కనిపెట్టిన గడియారం చెప్పింది, మూడేళ్ళుగా ప్రతి పందెంలోనూ చెబుతూనే ఉంది, తనకే అర్థం కాలేదు. ఆ అంకెలు చూసుకుని జనం మిఠాయిలు పంచుకున్నారు.

కళ్ళు తుడుచుకుంది. వెనక దమయంతికి తెలివొచ్చినట్టుంది, నీళ్ళు అడుగుతోంది. నూకాలమ్మ చెంచాతో పోస్తోంది.

"విను" అంది వకుళ గణకంతో. "ఇవాళ్టిదంతా కలుపుకో. ఆ తెర చూసినప్పుడు నా గుండె ఎలా కొట్టుకుందో, ఈ మంచం చూసినప్పుడు ఎలా కొట్టుకుందో, ఇప్పుడీ మాట చెబుతుంటే ఎలా కొట్టుకుంటోందో, అంతా. నా ఛాయామనిషిని కొత్తగా చెయ్యి. వచ్చే డిసెంబరు, ఇదే గట్టు, ఇదే ముప్పై ఒకటో రాయి దగ్గర పసుపు పట్టీతో ఎవరో పడిపోతారు. నాకు తెలియని మనిషే. లక్షసార్లు పరుగెత్తించు."

"సరే" అంది గణకం.

గడియారం మీద చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది. వకుళ ఆ చక్రం కేసి రెప్పవెయ్యకుండా చూసింది. గీత పడాలి, గీత పడాలి, గీత పడాలి అని లోపల జపంలా అనుకుంది. జన్మలో ఏ పరీక్షా ఫలితం కోసమూ ఆవిడ అంత ఆశపడలేదు.

మణికట్టు సన్నగా అదిరింది.

పదమూడు గంటల యాభై ఎనిమిది నిమిషాల నాలుగు సెకన్లు. ఎనిమిది నిమిషాలు ముందే చేరుతుంది.

"ఏటి మేడంగారూ, అంతసేపు సూస్తన్నారు?" అంటూ మసేను గంజి గ్లాసు పట్టుకుని పక్కకి వచ్చాడు. "ఏటొచ్చింది?"

వకుళ గడియారం మీద అరచెయ్యి మూసేసింది.

"ఇంకా లెక్కకడుతోంది" అంది.